అడవి కంది గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్లు చిత్తూరు జిల్లా బళ్లలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటూ, మొక్కలంటే ఇష్టమున్న నలుగురైదుగురిని వెంటబెట్టుకుని కొండ అంచుల్లో తిరగడం నా పని. ఫోన్లోనో, దారిలోనో, ఆఖరికి పెళ్లి భోజనాల దగ్గరో నన్ను పట్టుకుని అడిగే ప్రశ్నలు ఇవి. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

అసలు అడవి కంది అంటే ఏ మొక్క?

శేషాచలం కొండల్లో పెరిగే ఒక చిన్న పొద. పసుపుపచ్చ పూలు, బూడిద రంగు ఆకులు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు రింకోసియా బెడ్డొమీ. చిక్కుడు, కంది, పెసర, చెనిక్కాయ ఉన్న కుటుంబమే దీనిదీ. నేను చూసినవి నడుము ఎత్తుకు అటూ ఇటూగా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే దుమ్ము పట్టిన పిచ్చిమొక్కలా ఉంటుంది. పక్కనుంచి వందమంది నడిచిపోయినా ఒక్కరూ ఆగరు.

ఒక ముఖ్యమైన సంగతి. అడవి కంది అన్న పేరు ఈ ఒక్క మొక్కకే రాసిచ్చింది కాదు. ఆకు కందాకులా ఉండి అడవిలో కనిపిస్తే చాలు, జనం దాన్ని అడవి కంది అనేస్తారు. కందికి నిజంగా దగ్గర బంధువులైన అడవి జాతులు వేరే ఉన్నాయి, వాటినీ అలాగే పిలుస్తారు. అందుకే ఎవరైనా ‘మా ఊరి కొండమీద అడవి కంది బోలెడంత ఉంది’ అంటే నేను వెంటనే తల ఊపను. ఆకు తిప్పి చూపించమంటాను. ఈ పేజీలో అడవి కంది అని రాసిన ప్రతిచోటా రింకోసియా బెడ్డొమీ అనే చదువుకోండి.

మా చేలో కందికి, దీనికి తేడా ఎలా తెలుస్తుంది?

చేత్తో ముట్టుకుంటే సగం తెలిసిపోతుంది. కందాకు కాస్త గరుకుగా, కోలగా, ముందు భాగం కొసదేరి ఉంటుంది. అడవి కంది ఆకు దానికంటే వెడల్పు. మఖ్మలు గుడ్డ ముట్టుకున్నట్టు ఉంటుంది, ఎందుకంటే ఆకుమీద, లేత కొమ్మలమీద సన్నటి నూగు దట్టంగా పరుచుకుని ఉంటుంది. బూడిద రంగు కూడా ఆ నూగుదే.

ఒకసారి భాకరాపేట వైపు కొండ కింద నేను ఒక ఆకును బొటనవేలితో నిమురుతూ నిలబడి ఉంటే, మేకలు తోలుకుని వస్తున్న ఒక పెద్దామె ఆగి, ‘ఏమ్మా, అట్ల నిమరతా ఉండావు, అదేమన్నా పిల్లిపిల్లనా?’ అంది. ఆ రోజు నుంచి మా పిల్లలకు ఈ మొక్కను పిల్లిపిల్ల ఆకు అనే పరిచయం చేస్తున్నాను. వృక్షశాస్త్రం పుస్తకాల్లో అంతకంటే మంచి వర్ణన నాకు కనబడలేదు.

రెండో గుర్తు కోసం భూతద్దం కావాలి. పదింతలు పెద్దగా చూపించేది చాలు. ముందు మీ చేలో కందాకు ఒకటి తెంపి, వెల్లకిలా తిప్పి, వెలుతురుకు పెట్టి చూడండి. అడుగున సూదిమొనంత పసుపు చుక్కలు చల్లినట్టు ఉంటాయి. అవి జిగురు తిత్తులు. కంది ఉండే చిన్న తెగకు ఇది ఇంటి గుర్తు లాంటిది, చిక్కుడాకులోనో అలసందాకులోనో ఈ చుక్కలు కనిపించవు. అడవి కంది కూడా ఆ తెగదే కాబట్టి దాని ఆకు అడుగునా చుక్కలు ఉంటాయి, కాకపోతే నూగు కప్పేసి ఉంటుంది కనుక కాస్త ఓపిగ్గా వెతకాలి. నాకు మొదటిసారి ఐదు నిమిషాలు పట్టింది.

మూడోది కాయ. ఇక్కడ ఇక అనుమానం ఉండదు. కందికాయ పొడుగ్గా ఉండి, గింజకూ గింజకూ మధ్య ఏటవాలు నొక్కులు పడి, లోపల నాలుగైదు గింజలు ఉంటాయి. రింకోసియా కాయ పొట్టిగా, చపటగా ఉంటుంది. లోపల రెండే గింజలు, కొన్నిసార్లు ఒకటే.

అంటే కందికి ఇది చుట్టమేనా?

చుట్టమే, కానీ అక్కచెల్లెళ్లు కారు. పెదనాన్న మనవరాలి వరస అనుకోండి. కందికి 22 క్రోమోజోములు ఉంటాయి, రింకోసియా జాతుల్లో చాలావాటికీ అన్నే. అయినా మామూలుగా రెంటినీ కలిపి సంకరం చేయడం కుదిరే పని కాదు. కందికి అసలు పూర్వీకురాలిగా చెప్పే మొక్క వేరు, దాని పేరు కెజానస్ కెజానిఫోలియస్. అది తూర్పు కనుమల్లోనే, ఒడిశా, బస్తరు వైపు ఎక్కువగా కనబడుతుంది. అంటే మనం రోజూ పప్పులో వేసుకునే కంది పుట్టింది మన దేశంలోనే. ఈ మాట చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు. మిరపకాయ, చెనిక్కాయ ఓడెక్కి వచ్చినట్టు కంది ఎక్కడినుంచీ రాలేదు.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో కందితో పాటు దాని అడవి బంధువుల విత్తనాలు కూడా దాచి ఉంచుతారు. కంది జన్యుపటం 2011లో వెలువడినప్పుడు అందులో ఇక్రిశాట్‌ది పెద్ద పాత్ర. తెగుళ్లను, కాయతొలిచే పురుగును తట్టుకునే గుణాల కోసం శాస్త్రవేత్తలు ఈ అడవి బంధువుల వైపే చూస్తారు.

పువ్వు ఎలా ఉంటుంది?

చిక్కుడు పువ్వు విప్పి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. విప్పి చూడనివాళ్లు ఇప్పుడే ఒక కందిపువ్వు తెచ్చుకోండి. అడవి కంది పువ్వును తెంపకూడదు, ఎందుకో కింద చెప్తాను. కందిపువ్వుతో పని జరిగిపోతుంది, నిర్మాణం అదే.

వెనక నిలబడి జెండాలా కనిపించే పెద్ద రేకు ఒకటి, దాన్ని ధ్వజం అంటాం. రెండు పక్కలా చేతులు చాచినట్టు రెండు రేకులు, అవి బాహువులు. వాటి మధ్య రెండు రేకులు అంచులు కలిసిపోయి దోనెలా ఏర్పడతాయి, అవే ద్రోణులు. గుండుసూదితో ద్రోణిని మెల్లగా కిందికి నొక్కండి. లోపల దాక్కున్న కేసరాలు బయటికి వస్తాయి. లెక్కపెడితే పది. తొమ్మిది కలిసి గొట్టంలా ఉంటాయి, పదోది విడిగా ఉంటుంది. నా క్లాసులో ప్రతి ఏడూ ఒక పిల్లవాడు ‘పదోదాన్ని ఎందుకు వెలేశారు టీచర్?’ అని అడిగేవాడు. ఆ పదోది విడిగా ఉండబట్టే దాని పక్కన సందు ఏర్పడి, తేనెటీగ మూతి అడుగున ఉన్న తేనె దాకా పోతుంది. వెలేయడం కాదు, తలుపు తీసిపెట్టడం.

మీరు గుండుసూదితో చేసిన పనే తేనెటీగ తన బరువుతో చేస్తుంది. బాహువుల మీద వాలగానే ద్రోణి కిందికి వంగి, పుప్పొడి దాని పొట్టకు అంటుకుంటుంది.

రింకోసియా అన్న పేరు కూడా ఈ ద్రోణి నుంచే వచ్చింది. గ్రీకు భాషలో రింకోస్ అంటే పక్షి ముక్కు. ద్రోణి కొస చిలుక ముక్కులా వంగి ఉంటుందని ఆ పేరు పెట్టారు.

బెడ్డొమీ అంటే ఏమిటి? మన కొండ మొక్కకు దొరగారి పేరెందుకు?

రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్, 1830లో పుట్టి 1911లో పోయారు. సైన్యంలో చేరి, తర్వాత మద్రాసు అటవీ శాఖలో ఉన్నత పదవికి ఎదిగిన ఇంగ్లీషు అధికారి. దక్షిణ భారతం కొండలన్నీ తిరిగి మొక్కలు, పాములు, బల్లులు సేకరించారు. తిరుమల కొండల్లో రాళ్ల సందుల్లో కనబడే బంగారు బల్లి ఉంది కదా, దాన్ని 1870లో ప్రపంచానికి పరిచయం చేసింది ఆయనే. తిరుమలకు ప్రత్యేకమైన, చూడటానికి ఈతచెట్టులా ఉండే పేరిత మొక్కకూ ఆయన పేరే ఉంది, సైకస్ బెడ్డొమీ అని. అడవి కందిని కొత్త జాతిగా వర్ణించింది మాత్రం ఆయన కాదు. లండన్ కీవ్ తోటలో పనిచేసిన జాన్ గిల్బర్ట్ బేకర్ 1876లో ఆ పని చేసి, బెడ్డోమ్ పేరు తగిలించారు.

ఆ రోజుల్లో తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అంటే బెడ్డోమ్ పోయిన ఏడాదే. 2022 ఏప్రిల్లో తిరుపతి మళ్లీ వేరే జిల్లా అయింది. పాత రికార్డుల్లో ‘చిత్తూరు జిల్లా’ అని ఉన్న మొక్కల్లో చాలావాటి చిరునామా ఇప్పుడు తిరుపతి జిల్లా. మొక్క మాత్రం అంగుళం కదల్లేదు, కాగితం మీద ఇప్పటికే మూడు జిల్లాలు మారింది.

దొరగారి పేరెందుకు అంటే, మనవాళ్లు అంతకుముందే దీన్ని ఎరిగి ఉన్నా పుస్తకంలో రాసిపెట్టలేదు కాబట్టి. నాకూ ఆ విషయంలో కాస్త గుర్రు ఉంది. అందుకే నడకల్లో అడవి కంది అనే అంటాను.

ఇది మన కొండల్లోనే ఎందుకు ఉంది? వేరే చోట ఎందుకు లేదు?

తూర్పు కనుమల దక్షిణ భాగం, అందులోనూ శేషాచలం చుట్టుపక్కలే దీని ఇల్లు. ఇలా ఒక చోటికే పరిమితమైన మొక్కలను స్థానీయ జాతులు అంటారు. ఈ కొండల్లో అలాంటివి చాలానే ఉన్నాయి. ఎర్రచందనం, పేరిత, మొగి, తెల్ల కరక, కొండ గుగ్గిలం, అడవి కొత్తిమీర. చివరిదాని శాస్త్రీయ నామంలో తిరుపతి పేరే ఉంది, పింపినెల్లా తిరుపతియెన్సిస్.

కారణం ఒక్కటే అని చెప్పలేం. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి చూస్తే కొండ పైభాగమంతా పలకలు పేర్చినట్టు ఎర్రటి, లేత గులాబీ రంగు రాళ్లు కనిపిస్తాయి. అది క్వార్ట్‌జైట్. దాని కింద ఇంకా పాత రాయి. ఆ రెండిటి వయసుల మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది, భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని జాతీయ స్థాయి భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి దారిలో బోర్డు కూడా పెట్టారు. క్వార్ట్‌జైట్ మీద మట్టి పలచగా ఉంటుంది, నీరు నిలవదు. వేసవిలో రాయి కాలిపోతుంది. నైరుతి వాన కొంత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం వాన కొంత. చుట్టూ మైదానాలు కమ్ముకుని ఉండటంతో కొండ ఒక దీవి లాంటిది. అలాంటి చోట బతకడానికి అలవాటు పడ్డ మొక్క కిందికి దిగి రేణిగుంట రేగడిలో మరో మొక్కతో పోటీ పడలేదు. ఆకుమీది నూగు సంగతే చూడండి. ఎండను కొంత తిప్పికొడుతుంది, గాలికి ఆకులోని తడి ఆరిపోకుండా ఆపుతుంది. రాతి నేల మీద అది గొప్ప సాయం.

ఎక్కడికి వస్తే చూడొచ్చు? మెట్ల దారిలో కనిపిస్తుందా?

ఇదిగో ఫలానా మలుపు, ఫలానా బండ అని రాయను. రాసిన వారానికి అక్కడ మొక్క ఉండదు, ఆ అనుభవం వేరే మొక్కతో ఒకసారి అయింది.

మామూలుగా చెప్పాలంటే, ఎండు ఆకురాల్చే అడవిలో, రాతి వాలుల్లో, పెద్ద చెట్ల నీడ తక్కువున్న చోట చూడాలి. అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388 మెట్లు. రెండిటి పక్కనా అడవే కనుక మొక్కలు చూడటానికి బాగుంటాయి, మెట్టు దిగి లోపలికి మాత్రం పోవద్దు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది, మళ్లీ తెరిచింది 2022 మేలో. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక చిన్నపాప ప్రాణం పోయాక పిల్లలతో నడిచే వేళల మీద కట్టడి పెట్టారు. బయలుదేరే ముందు ఆ రోజు నియమాలు కనుక్కోండి. తలకోన, మామండూరు వైపు అడవి లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి.

పూల కాలం గురించి కూడా అడుగుతారు. నాకు పూలతో కనబడింది ఈశాన్య వానలు వెనకబట్టాక, చలి మొదలైన రోజుల్లో. కిందేమో చేలల్లో కంది పూత మీద ఉంటుంది, పైన ఇది పూత మీద ఉంటుంది.

ఒక కొమ్మ తెంపుకుంటే ఏమవుతుంది?

చట్టం ప్రకారం అయితే, శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు 353 చదరపు కిలోమీటర్లు, 1989 నుంచి ఉంది. జాతీయ పార్కులోంచి మొక్కనైనా, ఆకునైనా అనుమతి లేకుండా తీసుకెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పార్కు బయట ఉన్న రిజర్వు అడవికి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ఉంది. 2010లో దాదాపు 4,756 చదరపు కిలోమీటర్ల శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు.

చట్టం మాట పక్కన పెట్టినా మన తిరుపతివాళ్లకు దీన్ని కొత్తగా చెప్పాలా? తిరుమలకు పుష్పమండపమని పేరు. కొండమీద పూసిన పువ్వంతా స్వామిదే అని, తిరుమలలో ఆడవాళ్లు తల్లో పూలు పెట్టుకోరు. మల్లెపూలు కిందే తీసేసి బస్సెక్కే మా అత్తగారికి, అడవిలో పువ్వు ఎందుకు కోయకూడదో నేను ఎప్పుడూ వివరించాల్సి రాలేదు. ఇంజనీరింగ్ చదివే మా పక్కింటి అబ్బాయికే మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

కందిపప్పులా వండుకోవచ్చా?

వద్దు. పేరులో కంది ఉన్నంత మాత్రాన పప్పు కాదు. వేల ఏళ్లుగా మనుషులు ఏరి ఏరి, రుచి చూసి, చేదు తగ్గించుకుంటూ వచ్చిన గింజ కంది. అడవి గింజకు ఆ చరిత్ర లేదు. పచ్చి చిక్కుడు గింజల్లో కూడా ఉడికిస్తే గానీ పోని పదార్థాలు ఉంటాయి, ఇక తెలియని అడవి గింజ సంగతి చెప్పేదేముంది. కాయకు రెండు గింజలు, మొక్కకు నాలుగు కాయలు. కడుపు నిండదు, మొక్క మాత్రం పోతుంది. చలికాలంలో కొత్తగా నోరూరిందంటే అనపకాయలు తెచ్చుకుని పితికిపప్పు చేసుకోండి, అదీ ఈ కుటుంబానిదే.

దీని ఆకు మందుగా పనిచేస్తుందంటారు, నిజమేనా? షుగర్ తగ్గుతుందా?

ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మన ప్రాంతంలో సుగాలీలు, ఎరుకలవాళ్లు, యానాదులు దీని ఆకును దెబ్బలకు, కోతగాయాలకు, సెగ్గడ్డలకు, కీళ్లనొప్పులకు వాడతారని మొక్కల మీద పనిచేసినవాళ్లు నమోదు చేశారు. గాయాలకూ గడ్డలకూ పైన వాడేది ఒక పద్ధతి, పొడి చేసి కడుపులోకి తాగేది ఇంకో పద్ధతి. రెండూ ఒకటి కాదు. ఆ వాడకం తెలిసినవాళ్లకు ఏ ఆకు, ఎంత, ఎవరికి వద్దు అన్నది కూడా తెలుసు. మనకు ఫోన్లో వచ్చే మెసేజ్‌లో ఆకు బొమ్మ ఒకటే ఉంటుంది.

షుగర్ సంగతి. ఆకు కషాయాన్ని మధుమేహం కలిగించిన ఎలుకలకు ఇచ్చి, రక్తంలో చక్కెర తగ్గినట్టు రాసిన పరిశోధనలు ఉన్నాయి. సూక్ష్మక్రిముల మీద కూడా పరీక్షలు చేశారు. ఎలుకలో తగ్గడం మొదటి మెట్టు. అలిపిరి లెక్కలో చెప్పాలంటే ఇంకా 3,549 ఉన్నాయి. మనుషుల్లో ఎంత మోతాదు, కాలేయం మీద, మూత్రపిండాల మీద ఏం ప్రభావం, మీరు ఇప్పటికే వేసుకునే మాత్రతో కలిస్తే ఏమవుతుంది అన్నవన్నీ తేలాకే దాన్ని మందు అనాలి. గర్భస్రావం కలిగించే గుణం ఉందని కూడా దీని గురించి రాశారు, కాబట్టి గర్భిణులు దీని జోలికి అస్సలు పోకూడదు.

మా బంధువుల్లో ఒకాయన, వరసకు మామయ్య, సంతలో ఎవరో ‘అడవి కంది పొడి’ అని అమ్మితే కొని, మాత్రలు మానేసి నెల రోజులు తాగాడు. షుగర్ నాలుగొందలు దాటి ఆసుపత్రిలో పడ్డాడు. మిగిలిన పొడి తెచ్చి నాకు చూపించారు. అందులో ఒక కాయముక్క నలగకుండా మిగిలింది, పొడుగ్గా, ఏటవాలు నొక్కులతో. అది చేలో కందాకు పొడి. అసలు అడవి కంది అయ్యుంటే ఇంకేం జరిగేదో తెలియదు గానీ, మనం ఏం మింగుతున్నామో కూడా తెలియకుండా మింగడం నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం. మాత్రలు ఆపొద్దు. మార్చాలంటే డాక్టరునే అడగండి.

ఇంట్లో, మిద్దెతోటలో పెంచుకోవచ్చా? విత్తనాలు ఇస్తారా?

నా దగ్గర విత్తనాలు లేవు, ఉన్నా ఇవ్వను. ఒక నర్సరీలో అడవి కంది అని బోర్డు పెట్టి అమ్ముతుంటే ఉత్సాహపడి రెండు మొక్కలు కొన్నాను. ఆరు నెలలకు కాయలు కాశాయి. లోపల ఐదేసి గింజలు. పప్పు చేసుకుని తిన్నాం, బాగానే ఉంది.

కొండమీద రాతి సందులో, దాని వేళ్లలో ఉండే సూక్ష్మజీవులతో, అక్కడి వానతో బతికే మొక్కను తెచ్చి వర్మికంపోస్టు నిండిన కుండీలో పెట్టి, రోజూ నీళ్లు పోస్తే అది సంతోషిస్తుందని నేననుకోను. ఇలాంటి మొక్కలను పెంచాల్సింది అనుమతి ఉన్న పరిశోధన కేంద్రాలు, బొటానికల్ తోటలు. మిద్దె మీద ఈ కుటుంబం పువ్వే కావాలంటే శంఖుపుష్పం వేసుకోండి. నీలంగా పూస్తుంది, పైన చెప్పిన ధ్వజం, బాహువులు, ద్రోణులు దాంట్లోనూ ఉంటాయి.

ఎర్రచందనం కూడా ఈ కుటుంబమేనా?

అవును. చాలామంది నమ్మరు. ఎర్రచందనం చెట్టు పూత చూస్తే నమ్ముతారు, వేసవి ఎండల్లో అదే చిక్కుడు తీరు పసుపు పువ్వు. కాయ మాత్రం గుండ్రంగా, అంచు చుట్టూ రెక్కతో, చిన్న అప్పడంలా ఉంటుంది. మామూలు చందనానికి దీనికీ ఏ సంబంధమూ లేదు, అది వేరే కుటుంబం.

రెండూ ఒకే కొండల మొక్కలు, ఒకే కుటుంబం. ఒకదానికి దుంగ ఉంది కాబట్టి దొంగలూ, చెక్‌పోస్టులూ, పేపర్లో వార్తలూ ఉన్నాయి. రెండోదానికి ఏమీ లేదు.

ఇది అంతరించిపోతోందా?

అరుదైనది, ముప్పు ఉన్నది అనే దీని గురించి రాస్తారు. పెరిగే చోటు తక్కువైనప్పుడు చిన్న దెబ్బ కూడా పెద్దదే అవుతుంది. నా ఉద్దేశంలో పెద్ద భయం నిప్పు. ఫిబ్రవరి దాటాక బోదగడ్డి ఎండిపోయి ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్లు మోసుకొచ్చి పోయాల్సి వచ్చింది. ఆ పొగ మా ఇంటి మిద్దె మీదకు కనబడింది. చెట్టు కాలినా మొదలు మిగులుతుంది, చిన్న పొదకు, దాని కింద రాలిన గింజకు ఆ అవకాశం తక్కువ.

మేకల మేత, దారుల వెడల్పు, పొదలను నొక్కేసే బయటి కలుపు మొక్కలు కూడా ఉన్నాయి. మా పిల్లిపిల్ల ఆకు పెద్దామె మేకలను నేనేమీ అనను. ఆమె బతుకు అది. పైగా ఆ కొండ కింద ఏ మొక్క ఎక్కడుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

పిల్లల స్కూలు ప్రాజెక్టుకు కావాలి, ఏం చేయాలి?

అడవి కంది వద్దు, చెనిక్కాయ మొక్క తీసుకోండి. వేరుతో సహా మెల్లగా పెరికి, నీళ్లలో కడిగితే వేళ్లకు ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు ఉంటుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చే రైజోబియం బాక్టీరియా అక్కడ కాపురం ఉంటుంది, ఆ రంగు మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి పదార్థానిది. పక్కనే కందిపువ్వు విప్పి అంటించండి, కందాకు అడుగు చుక్కలు బొమ్మ గీయించండి. చివర్లో అడవి కంది ఫోటో ఒకటి పెట్టి, ఈ రెండింటి చుట్టం మన కొండమీద ఉందని పిల్లవాడి చేత చెప్పించండి. మార్కులు వస్తాయి, నేను హామీ.

ఒక మొక్క చూశాం, అదే అనుకుంటున్నాం. ఎలా నిర్ధారించుకోవాలి?

తెంపకుండా ఐదు ఫోటోలు తీయండి. మొక్క మొత్తం, ఆకు పైభాగం, ఆకు అడుగు, పువ్వు పక్కనుంచి, కాయ. చాలామంది పువ్వు ఒక్కటే ఎదురుగా తీసి పంపుతారు. ఎదురు నుంచి చూస్తే కందిపువ్వు, అడవి కంది పువ్వు, గిలిగిచ్చ పువ్వు అన్నీ పసుపు జెండాలే. ఫోన్లో మొక్కల పేర్లు చెప్పే యాప్‌లు ఉన్నాయి గానీ స్థానీయ మొక్కల దగ్గర అవి తడబడతాయి. నాకు ఒకసారి పేరితను ఈతచెట్టని చెప్పింది.

రింకోసియాల్లోనే ఇంకో రెండు మూడు రకాలు కూడా మన కొండల్లో ఉన్నాయని గుర్తుంచుకోండి. గట్ల మీద తీగలా పాకే చిన్న ఆకుల రింకోసియా ఉంటుంది, అది ఇది కాదు. పొదగా పెరిగేవి ఇంకొన్ని ఉన్నాయి, వాటి దగ్గరే నిపుణుల సాయం కావాలి. 1954 నుంచి ఉన్న మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం ఉంది, ఎండబెట్టిన మొక్కల నమూనాలు అక్కడ దాచి ఉంచారు. మీ ఫోటోను ఆ నమూనాతో పోల్చి చూడమని అడగడమే సరైన దారి.

మీతో నడకకు రావచ్చా?

రావచ్చు. పొద్దున ఆరింటికల్లా ఉండాలి, ఎనిమిది దాటితే రాయి వేడెక్కిపోతుంది. చెప్పులు కాదు, బూట్లు. నీళ్ల బాటిల్ తెచ్చుకోండి, దాన్ని తిరిగి ఇంటికే తీసుకెళ్లండి. ఒకేసారి ఆరుగురి కంటే ఎక్కువమందిని తీసుకెళ్లను. మొక్క కనిపిస్తుందని మాట ఇవ్వను, పోయిన ఏడాది నాలుగు నడకల్లో రెండింట్లోనే కనబడింది. భూతద్దం నా దగ్గర ఒకటే ఉంది, దానికోసం పిల్లలు కొట్లాడుకుంటారు. మీది మీరు తెచ్చుకోండి.